నూట ముప్పై ఏడు దాటాక

జగిత్యాల బస్టాండులో, కోరుట్ల బస్సు ఆగే చోట, ఒక మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు.

ఉదయం ఏడు దాటింది. రెండు బస్సులు వచ్చి పోయాయి. కండక్టర్లు ఆయన చెవి పక్కనే "కోరుట్ల, కోరుట్ల" అని గొంతు చించుకున్నారు. ఆయన లేవలేదు. మూడో బస్సు కండక్టర్ జాలిపడి భుజం తట్టాడు. మనిషి పక్కకు ఒరిగిపోయాడు.

ఎస్సై ఇంద్రజ వచ్చేసరికి జనం మూగి ఉన్నారు. మనుషుల కంటే ఫోన్లే ఎక్కువ పైకి లేచాయి.

"ఫోన్లు లోపల పెట్టుండ్రి. సచ్చిన మనిషికి గంత మర్యాదన్న ఇయ్యిండ్రి."

జనం కాస్త వెనక్కి జరిగారు.

యాభై ఐదేళ్లుంటాయి. ఉతికిన చొక్కా. ఒంటి మీద దెబ్బ లేదు. ఒళ్లో ఒక సంచి. రెండు చేతులతో దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, విడిపించడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

సంచిలో నీళ్ల సీసా. మూత తియ్యని స్టీలు టిఫిన్ డబ్బా. అడుగున తువ్వాలలో చుట్టిన నల్లని లోహపు ముక్క.

హెడ్ కానిస్టేబుల్ నర్సన్న ఒక అడుగు వెనక్కి వేశాడు.

"బాంబు గిట్లనా మేడం?"

"హార్డ్ డిస్క్, నర్సన్నా. పాత రకం."

ఇంద్రజ దాన్ని తిప్పి చూసింది. వెనక రెండు వరుసల సన్నని పిన్నులు. పైన లేబుల్ మీద 250 జీబీ అని ఉంది. ఈ రోజుల్లో ఇలాంటిది పాత సామాన్ల కొట్టులో కూడా దొరకదు. దాన్ని ఈ మనిషి పసిపిల్లలా పొదువుకున్నాడు.

జేబులో ఫోను, ఆధార్ కార్డు దొరికాయి. ఎల్లేశం, సిరిసిల్ల. రెండు బస్సు టికెట్లు కూడా ఉన్నాయి. సిరిసిల్ల నుంచి వేములవాడకు ఒకటి, అక్కడి నుంచి జగిత్యాలకు ఒకటి.

ఆస్పత్రిలో డాక్టర్ ఒక్క ముక్కలో చెప్పాడు. గుండె ఆగింది.

కేసు అక్కడితో అయిపోవాలి. కానీ తొమ్మిదిన్నరకు సిరిసిల్ల స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. సాకేత్ రావు అనే కార్ఖానా యజమాని ఫిర్యాదు ఇచ్చాడు. తన దగ్గర చీరల డిజైన్లు గీసే ఎల్లేశం, డిజైన్లన్నీ తుడిచేసి, హార్డ్ డిస్క్ ఎత్తుకుని పారిపోయాడట.

నర్సన్న ముఖం వెలిగింది.

"అయిపాయె గద మేడం. దొంగ దొరికిండు, సొమ్ము దొరికింది. రాసి పడేద్దాం."

పోలీసు ఉద్యోగంలో ఇంత సులువైన రోజు ఏడాదికొకటి కూడా రాదు. ఇంద్రజ కూడా పెన్ను తీసింది. అప్పుడే ఎల్లేశం కూతురు వచ్చింది.

ఆ అమ్మాయి పేరు తిరుమల. సిరిసిల్లలో బట్టలు కుట్టే యూనిట్‌లో పని. తల్లి లేదు. ఇప్పుడు తండ్రీ లేడు. మార్చురీ గుమ్మంలో నిలబడి తండ్రి ముఖం చూసింది. ఏడవలేదు. ఏడుపుకు ముందు తేల్చుకోవలసింది ఏదో ఉన్నట్టుంది.

"మీ బాపుకు కోరుట్లల ఎవలున్నరు?" ఇంద్రజ అడిగింది.

"ఎవలు లేరు మేడం."

"మరి ఎందుకు పోతుండు?"

"నాకు చెప్పలే. రాత్రి అన్నం ముట్టలే. పొద్దుగాల లేచి చూస్తే లేడు."

"నిన్న ఏమైంది?"



"దొర డిస్కు తీసి ఇంట్ల కంప్యూటర్ల పెట్టి చూస్తే డిజైన్లు తెరుచుకోలేదట. సాంచెలన్ని బందు పెట్టించిండు. అందరి ముంగట బాపును దొంగ అన్నడు. డిజైన్లు తుడిచి వేరేటోళ్లకు అమ్ముకున్నవ్ అన్నడు. సచ్చిపోయిన నా బిడ్డ పెళ్లి వీడియో గూడ ఖరాబు చేసినవ్ అన్నడు. బాపు ఒక్కటే మాట అన్నడట మేడం. నా మిషన్ల పెట్టి చూడుండ్రి దొరా అని. దొర వినలే. మిషనున్న అర్రకు తాళమేసి తాళంచెవి జేబుల ఏసుకున్నడు."

ఇరవై ఏళ్లుగా ఆ గదిలో కూర్చున్న మనిషి. సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుస్తుంటే ఆ చప్పుడులో అరిస్తే ఎవరికీ వినబడదు. అందుకని వాటిని ఆపించి మరీ తిట్టాడు యజమాని.

నర్సన్న శవం అప్పగింత కాగితం ముందు పెట్టాడు.

"సంతకం పెట్టు బిడ్డా."

"పెట్ట."

"గట్లంటె ఎట్లనే? పీనుగ ఎన్ని గంటలుంటది?"

"దొంగ పీనుగను మా వాడకు తీస్కపోను. మా బాపు దొంగ కాదని తేల్చుండ్రి. గప్పుడు పెడ్త సంతకం."

నర్సన్న ఇంద్రజ వైపు చూశాడు. ఇంద్రజ నేల వైపు చూసింది. గదిలో ఉన్న ఫ్రీజర్ ఒక్కటే. రేపు పొద్దుటికి దాన్ని ఖాళీ చెయ్యాలని డాక్టర్ ముందే చెప్పాడు.

ఇంద్రజ సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచింది.

"ఇది మీదేనా?"

తిరుమల చూసింది. లోపల పులిహోర, నాలుగు గారెలు.

"మాది కాదు మేడం. మేం గారెలు చెయ్యలే. ఎవలిచ్చిండ్రో ఏమో." డబ్బా అంచు తాకి మళ్లీ అంది. "ఎవలిదైతె వాళ్లకు అప్పజెప్పాలె. ఒకలి గిన్నె ఉత్తగ ఇయ్యద్దు. చిటికెడు చక్కెరన్న వేసి ఇయ్యాలె."

తండ్రి శవం పక్కన నిలబడి కూడా ఆ పిల్లకు మర్యాద గుర్తుంది. ఇంద్రజ మూత పెట్టి డబ్బాను బోర్లించి అడుగు భాగం చూసి, తిరిగి సంచిలో పెట్టింది.

స్టేషన్‌కు వచ్చి, మొబైల్ షాపు నుంచి ఒక కన్వర్టర్ తెప్పించి, డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించింది. ఇంద్రజ ఇంజనీరింగ్ చదివింది. జిల్లాలో సైబర్ కేసు ఏదొచ్చినా ఆమె బల్ల మీదికే వస్తుంది.

మూడు ఫోల్డర్లు. పాత డిజైన్లు. కొత్త డిజైన్లు. వర్షిత పెళ్లి.

పాత డిజైన్లు చక్కగా తెరుచుకున్నాయి. నెమళ్లు, మామిడి పిందెలు, అంచులు. కొత్త డిజైన్లలో ఒక్కటీ తెరుచుకోలేదు.

పెళ్లి వీడియో మొదట్లో మెహందీ వేడుక. పెళ్లికూతురు నవ్వుతూ చెయ్యి చాపుతుంది. అంతే. తెర నిండా రంగురంగుల గళ్లు పరుచుకుంటాయి. ఆ భాగం దాటితే మిగతా పెళ్లంతా బాగానే ఉంది.

"తుడిచేసిండు మేడం," అన్నాడు నర్సన్న.

"నువ్వే దొంగవనుకో. ఎట్ల తుడుస్తవ్?"

"డిలీట్ కొడ్త."

"అప్పుడు ఫైలు పేరు ఉంటదా?"

"ఉండది."

"చూడు. పేర్లున్నయ్. తారీకులున్నయ్. సైజులున్నయ్."

ఇంద్రజ ఒక ఫైలు కడుపులో ఏముందో చూపించే ప్రోగ్రామ్ నడిపింది. తెర మీద సున్నాలు. కిందికి జరిపినకొద్దీ సున్నాలు. ఇంకో ఫైలు తెరిచింది. అదీ అంతే.

"పోనీ, చెత్త ఏదన్న నింపిండేమో?" నర్సన్న ఇంకా పట్టు వదల్లేదు.

"చెత్త లేదు. ఏమీ లేదు."

ఇంద్రజ కుర్చీలో వెనక్కి వాలింది. ఆ సున్నాలు ఆమెకు నచ్చలేదు. ఇల్లు దోచినవాడు ఎక్కడో ఒక వేలిముద్ర వదులుతాడు. ఇక్కడ అసలు ఎవరూ అడుగు పెట్టినట్టే లేదు.

"బండి తియ్యమను. కోరుట్ల పోదాం."

పెళ్లి వీడియో తీసినవాణ్ని వెతుకుదామంటే కోరుట్లలో ఫోటో స్టూడియోలు చాలా ఉన్నాయి. ఎల్లేశం ఫోన్ చూస్తే వెతకాల్సిన పని తప్పింది. చివరి కాల్ మహేందర్ అనే పేరుకు వెళ్లింది. పెళ్లి వీడియోలు తీస్తాడు, కంప్యూటర్లు బాగు చేస్తాడు. పోలీసు జీపు చూడగానే అతని ముఖంలో నెత్తురు లేదు.

"ఎల్లేశం నీకెందుకు ఫోన్ చేసిండు?"

"పొద్దుగాల వస్త, నీ దగ్గర పాత కంప్యూటర్ ఉన్నదా అని అడిగిండు మేడం. నా మిషన్ల కనవడ్తయి, బయట కనవడ్తలేవు, నాకేం సమజైతలేదు అన్నడు. రా అన్న, చూద్దాం అన్న." అతను రోడ్డు వైపు చూశాడు. "ఇంకా రాలే."

"రాడు," అంది ఇంద్రజ.

విషయం విని మహేందర్ స్టూలు మీద కూలబడ్డాడు. ఇంద్రజ డిస్కును బల్ల మీద పెట్టింది.

"ఈ డిస్కు నీదేనా?"

"నేనే వేసిన. కార్ఖానాల పాత డిస్కు టిక్కు టిక్కుమని సప్పుడు చేస్తుండె. దుబాయ్ల మా బావ పాత స్టాకుల సీలు తియ్యనిది ఒకటి దొరికిందని తెచ్చిండు."

"సీలు తియ్యనిదా? ముందు ఎవరు వాడలేదు?"

"లేదు మేడం."

"ముందుగాల ఏం ఎక్కించినవ్?"

"పాత డిజైన్లు. తర్వాత వర్షితమ్మ పెళ్లి వీడియో మొత్తం."

"చీరల కార్ఖానా కంప్యూటర్ల పెళ్లి వీడియో ఎందుకు?"

మహేందర్ ముఖం తుడుచుకున్నాడు.

"సాకేత్ రావు సారు చెప్పిండు. వర్షితమ్మ డెంగీతోటి పోయింది. ఆ కంప్యూటర్‌కు దసరాకు సాంచెలతోటి పాటు బొట్టు పెట్టి మొక్కుతరు. ఇంటర్నెట్ లేదు, వైరస్ రాదు. ఎల్లేశం అన్న తప్ప పురుగు గూడ ముట్టది. నా బిడ్డ ఆడనే ఉంటే భద్రం అన్నడు."

"నీ దగ్గర కాపీ?"

"ఏడాది దాటితే తీసేస్తం మేడం. ఎడిట్ చేసిన పెన్‌డ్రైవ్ ఉంటది. దాంట్ల మెహందీ కోసేసిన, నిడివి ఎక్కువైందని."

"అన్ని ఎక్కించినంక ఎంత నిండింది?"

"నూట నలభై జీబీలు."

"ఏ కంప్యూటర్ల ఎక్కించినవ్?"

"గిదే. కొత్తది."

"కార్ఖానాల ఏ విండోస్?"

"తొంభై ఎనిమిది. అట్టలకు రంధ్రాలు కొట్టే మిషన్ దాంతోటే నడుస్తది. దాని కార్డు కొత్త కంప్యూటర్లకు ఎక్కది మేడం."

ఇంద్రజ లేచి నిలబడింది.

"షట్టర్ దించు. జీపెక్కు."

తిరుగు దారిలో జగిత్యాలలో తిరుమలను ఎక్కించుకున్నారు. అటు నుంచి నేరుగా సిరిసిల్ల.

సాకేత్ రావు ఒకప్పటి దొరల ఇంటి మనిషి. భూములు పోయాక ఇంటికి ఆనుకుని కార్ఖానా పెట్టాడు. మాట కరుకు. కానీ కూతురు పోయిన దగ్గర్నుంచి భుజాలు కిందికి జారిపోయాయని వాడకట్టంతా చెప్పుకుంటుంది. మొన్ననే ఆమె సంవత్సరీకం జరిగింది. కార్ఖానా ఆఫీసు గోడ మీద ఆమె ఫోటోకు వేసిన దండ ఇంకా పూర్తిగా వాడలేదు.

"నా డిస్కు దొరికిందటగా," అన్నాడు.

"దొరికింది. ఎల్లేశం దాన్ని ఎట్ల ఎత్తుకపోయిండు?"

"ఇక్కడే, ఆఫీసు బీరువాల పెట్టిన."

"బీరువా పగిలిందా?"

"లేదు."

"తాళంచెవి?"

"ఇంట్ల ఉంటది."

"ఎల్లేశం ఇంట్లకు వస్తడా?"

ఇంద్రజ టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టింది.

"ఇది ఆయన సంచిల దొరికింది. లోపల గారెలు. మొన్న సంవత్సరీకానికి మీ ఇంట్ల గారెలు వండిండ్రా?"

"వండితే?"

ఆమె డబ్బాను బోర్లించింది. పెళ్లినాటి గిన్నెల మీద కొట్టించినట్టు, అడుగున చుక్కచుక్కలుగా ఒక పేరు కొట్టి ఉంది. సరోజ.

గుమ్మంలో నిలబడ్డ సాకేత్ రావు భార్య చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"నేనే ఇచ్చిన," అంది సరోజ.

"సరోజా!"

"నేనే బీరువా తీసి ఇచ్చిన అంటున్న గద! తెల్లారగట్ల వచ్చి వాకిట్ల నిలబడ్డడు. అమ్మా, ఒక్కపూట ఇయ్యుండ్రి, కోరుట్లకు తీస్కపోయి బాగు చేయించుకొస్త అన్నడు. రాత్రి నుంచి ఏం తిననట్టున్నడు. డబ్బా గూడ కట్టిచ్చిన."

"మరి సారు ఫిర్యాదు రాస్తుంటే ఎందుకు చెప్పలేదమ్మా?" ఇంద్రజ గొంతు పెంచలేదు.

"భయమేసింది. పొద్దుమూకేసరికి వస్తడు, అన్ని సక్కగైతయి అనుకున్న. గంతలనే ఫోనొచ్చింది, సచ్చిపోయిండని. ఇగ నోరు పెగల్లే."

సాకేత్ రావు కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

"ఇచ్చింది సరే. మరి డిజైన్లు తుడిచిందెవరు? నా బిడ్డ వీడియో చెడగొట్టిందెవరు? ఆ మిషన్ ముట్టేది వాడొక్కడే కదా!"

"తాళం తియ్యండి," అంది ఇంద్రజ. "ఎల్లేశం అడిగింది అదొక్కటే కదా."

గది చిన్నది. మూలన, డిజైనును మగ్గానికి అందించే అట్టలకు రంధ్రాలు కొట్టే యంత్రం. దాని పక్కన పసుపుపచ్చగా మారిన కంప్యూటర్, దాని నుదుట ఎండిన కుంకుమ బొట్టు. సాంచెలు ఆగాయి. పనివాళ్లంతా గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డారు. నిన్న తిట్లు విన్నవాళ్లే.

మహేందర్ డిస్కును లోపల బిగించాడు. మీట నొక్కాడు. కంప్యూటర్ దగ్గి, గురకపెట్టి, చివరకు మేఘాల బొమ్మ చూపించింది.

కొత్త డిజైన్లు. మొదటి ఫైలు.

తెరుచుకుంది.

గుమ్మం దగ్గర ఎవరో "గిది నేను నేసిన అంచే" అన్నారు. రెండోది తెరుచుకుంది. మూడోది తెరుచుకుంది. ఒక్కటి కూడా పోలేదు.

సాకేత్ రావు తెర దగ్గరికి వంగాడు.

"డిజైన్లు ఎవ్వరు తుడవలే," అంది ఇంద్రజ. "ఈ పాత విండోస్‌కు నూట ముప్పై ఏడు జీబీల దాకే లెక్క వచ్చు. మా నాయినకు ఒక పాత స్కూటరుండేది. దాని మీటరు ఆఖరి అంకె దాటితే మళ్ల సున్నాకొచ్చేది. ఇది గూడ అంతే. మహేందర్ తన కొత్త కంప్యూటర్ల నూట నలభై దాకా నింపి తెచ్చిండు. ఆ తర్వాత ఎల్లేశం గీసిన ప్రతి డిజైను నూట నలభై పైన రాయాలె. ఈ మిషన్‌కు అంత లెక్క రాదు. మళ్ల మొదటికొచ్చి, మూడో జీబీ దగ్గర రాసింది. ఆడ ఏమున్నది మహేందర్?"

"మెహందీ," అన్నాడు మహేందర్.

"మరి నా ఇంట్ల పెట్టి చూస్తే ఖాళీగ ఎందుకున్నయ్?" సాకేత్ రావు గొంతులో కరుకుదనం పోయింది.

"కొత్త కంప్యూటర్ సరైన చోటుకే పోతది. ఆడ ఎవ్వరు ఏం రాయలే. డిస్కు సీలు తీసిన నాడు ఎట్లున్నదో అట్లనే ఉన్నది, సున్నాలు. ఈ మిషనేమో ఏ తప్పు లెక్కతోటి రాసిందో, అదే తప్పు లెక్కతోటి వెతుక్కుంటది. అందుకే దీనికి దొరుకుతయి. పాత డిజైన్లు రెండు చోట్ల తెరుచుకుంటున్నయి, కొత్తయే తెరుచుకుంటలేవు. డిస్కు మారినంక గీసినవే అయి. నేను ముందుగాల పట్టించుకోనిది అదే."

ఇంద్రజ సాకేత్ రావు వైపు తిరిగింది.

"పెద్ద డిస్కు పెట్టించింది మీరు. పెళ్లి వీడియో దాంట్ల నింపించింది మీరు. భద్రమనే చేసిండ్రు సారూ. తప్పనను. కానీ ఆయన తప్పు అసలే లేదు."

ఆఖరి ఫైలు ఇంకా తెరవలేదు. సరోజే ముందుకొచ్చి వేలితో చూపించింది.

"అది తియ్యి."

తెర మీద ఒక పువ్వు విచ్చుకుంది. గుండ్రంగా తిరిగిన రేకులు, మధ్యలో సన్నని తీగలు. అరచేతిలో పెట్టే గోరింటాకు పువ్వు.

"మెహందీ ఫోటో ఇచ్చి నేనే గీయమన్న," అంది సరోజ. "బిడ్డ చేతి మీది పువ్వు. సంవత్సరీకానికి గా అంచుతోటి చీర నేయిద్దామనుకున్న. పోయిన వారం ఈడనే చూపెట్టిండు. ఈయనకు చెప్పొద్దన్న, బిడ్డ పేరెత్తితే తట్టుకోడని. నేను కండ్లార చూసిన మేడం. చూసి గూడ నిన్న నోరు తెరవలే."

వీడియోలో వర్షిత చెయ్యి పోయింది. ఆ చెయ్యి ఉండాల్సిన చోట ఆ చేతి మీది పువ్వే కూర్చుంది. సాకేత్ రావు తెర మీద వేళ్లు ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.

తర్వాత గుమ్మం వైపు తిరిగాడు.

"నిన్న మీ అందరి ముంగటనే అన్న. ఇయ్యాల మీ ముంగటనే అంటున్న. ఎల్లేశం దొంగ కాదు. నేనే..." ఆ పైన మాట సాగలేదు. పెద్దమనిషి గోడకు ఆనుకుని భోరున ఏడ్చాడు.

నర్సన్న ఇంద్రజ దగ్గరకు జరిగి మెల్లగా అడిగాడు.

"ఏ సెక్షన్ పెడ్దాం మేడం?"

"ఏ సెక్షనూ లేదు నర్సన్నా."

ఒక మనిషిని మాటతో చంపితే చట్టం చేతికి ఏమీ దొరకదు. ఇంద్రజకు ఆ సంగతి ముందే తెలుసు. అయినా చెప్పేటప్పుడు సిగ్గేసింది.

తిరుమల నర్సన్న ముందుకొచ్చింది.

"కాగితం ఇయ్యుండ్రి సార్."

మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసింది. అప్పుడు ఏడ్చింది. ఎవరూ దగ్గరకు వెళ్లడానికి ధైర్యం చెయ్యలేదు. చివరకు సరోజ వెళ్లింది.

"తిరుమలా... ఆ పువ్వు నేయించాలె బిడ్డా. మీ బాపు ఆఖరిగ గీసింది."

"అట్టలు కొట్టుడు బాపు ఒక్కడికే ఎరుక అమ్మా."

ఆ అమ్మాయి బల్ల మీది టిఫిన్ డబ్బా తీసుకుంది. బయట నల్లా దగ్గర కూర్చుంది. పులిహోర, గారెలు ఆకులో పక్కన పెట్టింది. డబ్బాను బూడిద వేసి తోమింది. రెండుసార్లు కడిగింది. కొంగుతో తడి తుడిచి, మూత పెట్టి తెచ్చి సరోజ చేతిలో పెట్టింది.

జీపు కదిలింది. తిరుమల వెనక్కి చూడలేదు. ఇంద్రజ చూసింది.

సరోజ మూత తీసింది. డబ్బాలో చిటికెడు చక్కెర కూడా లేదు.